కోళ్ల లెక్కతో బాతులు
సియాటిల్‌లో 2010 నుంచి ఇంటి స్థలంలో కోళ్లు, బాతుల్లాంటివి ఎనిమిది దాకా పెంచుకోవచ్చు. కోడిపుంజు మాత్రం పనికిరాదు, గూటికీ పక్కింటికీ మధ్య పదడుగుల ఎడముండాలి. కోళ్లకు చక్కగా సరిపోయే ఈ లెక్క బాతుల దగ్గర తడబడుతుంది. బాతుల్లో గోల పెట్టేది ఆడదే; మగబాతు గొంతు బొంగురు, గోడ దాటదు. పుంజుకు వేసిన శిక్ష ఇక్కడ ఎవరికి వేస్తారు? అయినా అసలు తగాదా నీళ్లతోనే. బాతుకు తల ముంచేంత లోతు నీళ్లు కావాలి. పొద్దున నింపిన తొట్టి మధ్యాహ్నానికల్లా రెట్టతో, ఈకలతో బురదబురద. ఆ మురుగు పక్కింటి కంచె కిందికి పారితే గొడవ కాక ఏమవుతుంది? ఎన్ని బాతులని అడిగే నగరం, తొట్టి నీళ్లు ఎటు పోతాయని కూడా అడగాలి. వాటిని చెట్ల పాదుల్లో పోసుకునేవాళ్లకు ఇంకో రెండు బాతులు ఎక్కువిచ్చినా తప్పులేదు.