జట్టుఁ గూర్చుటలో ధనవ్యయము

2023వ సంవత్సరపు ఐ.పి.యల్. క్రికెట్టు పోటీలలో హైదరాబాదు సన్‌రైజర్సు పది జట్లలో కడపటిదయ్యెను. అంతట యజమానులు 13.25 కోట్ల రూపాయల హ్యారీ బ్రూకును విడిచి, ప్యాట్ కమిన్సును 20.50 కోట్లకుఁ గొనిరి. 2024లో అతని నాయకత్వమున జట్టు తుదిపోటీఁ జేరెను. లోకులు ఆ పెద్ద వెలనే కొనియాడిరి. మేమో, విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డికి వెచ్చించిన 20 లక్షలను మెచ్చుచున్నాము. 2023లో రెండాటలే యాడిన యా పడుచువానిని విడువక నిలుపుకొనఁగా, మఱుసటి యేట 303 పరుగులు తీసెను. ఎల్లంతకుంట రైతు కాడెద్దులకై అప్పుచేయునేమో గాని, విత్తనపు గింజల నమ్ముకొనఁడు గదా!

2025వ సంవత్సరమునకు ఐదుగురిని నిలుపుకొనుటకే 120 కోట్లలో 75 కోట్లు చెల్లెను. తక్కిన జట్టునకంతకు 45 కోట్లే మిగిలెను. దక్కినది ఆఱవ స్థానము. అందు నితీశునకిచ్చిన 6 కోట్లను మేము తప్పుపట్టము. ఒక్క క్లాసెనునకిచ్చిన 23 కోట్లలోఁ గొంత తగ్గించి, మన జిల్లాల మైదానములలోని పడుచువారిని మఱికొందఱిని వెదకి చేర్చుకొనవలసి యుండెను.