మంచు: మనకు వేడుక, వారికి బ్రతుకు

కాశ్మీరంలో డిసెంబరు 21 నుండి నలభై దినాలు తీవ్రమైన శీతకాలం. దానిని అక్కడివారు ‘చిల్లై కలాన్’ అంటారు. ఆ రోజులలో మనం గుల్మార్గ్ చేరి, తీగపై సాగే గొండోలా నెక్కి, అఫర్వత్ పర్వతపు వాలులలో స్కీయింగ్ చేసి మురిసిపోతాము. ఆ ఆనందం తప్పు కాదు. కాని 2024 జనవరిలో ఆ వాలులు మంచు లేక బోసిపోయినప్పుడు మనం ప్రయాణం మానుకొని ఊరుకున్నాము. స్లెడ్జి లాగే శ్రామికునికి మాత్రం పని కరవైంది. ఆ మంచే కరగి వేసవిలో లోయలోని పొలాలకు నీరవుతుంది. కనుక అక్కడ విహరించే మనం కూలివద్ద గీచి బేరమాడరాదు. కొండపై చెత్త విడువరాదు. మంచు కురియని ఏటనూ వారి యోగక్షేమాలు తలచుకొనుట మన విధి.