ప్యాకెట్ మీద ఎవరి నంబరు?

ఇందల్వాయిలో పసుపుకొమ్ములు మరపట్టించి ప్యాకెట్లు అమ్మాలనుకునే ఇంట్లో తొలి చర్చ ఇదే. నాన్న సెల్ నంబరు వేయిస్తే రాత్రి పదకొండింటికీ మోగుతుంది. పావుకిలో కోసం అప్పుడు ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు మరి!

దుకాణానికి వేరే నంబరు తీసుకుని కాల్స్ సెల్‌కు మళ్లించుకుంటే ఆ బాధ ఉండదు. పగలు నాన్నకు, సాయంత్రం కొడుక్కి. అయితే ఆ నంబరు ఎవరి పేరిట ఉందో ముందే అడగాలి. ఏజెన్సీ పేరిట ఉంటే, అద్దె ఆపేసిన రోజున నంబరూ పోవచ్చు. అచ్చేయించిన ప్యాకెట్లన్నీ వృథా. సొంత పేరిట సిమ్ ఉంటే, 2011 నుంచి కంపెనీ మారినా నంబరు మారక్కర్లేదు.

‘స్టార్ 401 నొక్కండి’ అని ఎవరైనా ఫోన్లో చెబితే మాత్రం వినొద్దు. మీ కాల్స్ దొంగల చేతికి మళ్లించే ఎత్తు అది. అందుకే 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ పద్ధతిని ఆపేయమని కేంద్రం కంపెనీలను ఆదేశించింది.