ముప్పై ముప్పైగా రాయనివ్వండి

ఉపాధ్యాయ అర్హత పరీక్షను, అదే టెట్‌ను, విడివిడి భాగాలుగా రాయనివ్వమంటే ప్రమాణాలు పడిపోతాయట! ఎవరి ప్రమాణాలు? పేపర్ వన్‌లో 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. శిశువికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోటి 30. భాగాలు వాళ్లే చేశారు, కూర్చోబెట్టడం మాత్రం ఒక్కసారే. గిరిజన అభ్యర్థికి 60 రావాలి. 59 వస్తే గణితంలో తెచ్చుకున్న పాతిక కూడా గోదాట్లో కలిసినట్టే. పదో తరగతి తప్పిన పిల్లవాడు తప్పిన సబ్జెక్టే మళ్లీ రాస్తాడు. వాడికి చదువు చెప్పబోయే ఆమె అన్నీ మొదటినుంచి రాయాలి.

చర్ల, దుమ్ముగూడెం వైపు కోయగూడేల అమ్మాయిలకు నేను టెట్ పాఠాలు చెబుతుంటాను. చాలామంది చంటిపిల్లల తల్లులు. ఖమ్మంలో సెంటరు పడితే భద్రాచలం నుంచే నూరు కిలోమీటర్ల పైమాట. బిడ్డ గేటు బయట అమ్మమ్మ చేతుల్లో ఏడుస్తుంటే, లోపల తల్లి పాలు చేపి జాకెట్టు తడుస్తుండగా శిశువికాస దశలకు జవాబులు గుర్తించాలి. ఇంట్లో వండిపెట్టే మనిషి ఉన్నవాళ్ల తీరికకే మనం ప్రతిభ అని పేరు పెట్టుకున్నాం.

ఇక భాష. మొదటి భాషగా తెలుగో ఉర్దూవో మరొకటో ఎంచుకోవచ్చు, కోయ లేదు. ఒకటో తరగతి పిల్లతో దాని ఇంటిభాషలో మాట్లాడగల మనిషికి ఆ భాష వచ్చినందుకు ఒక్క మార్కూ రాదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడోవంతు స్త్రీలకు అని 2000లో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లూ రెండేళ్లలో టెట్ పాసవ్వాల్సిందేనని 2025 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. అంటే ఇరవయ్యేళ్లుగా గూడెం బడి నడుపుతున్న పంతులమ్మ కూడా ఈ వరసలోనే నిలబడాలి.

అర్హత మార్కు తగ్గించమని అడగడం లేదు. 2021లో టెట్ సర్టిఫికెట్‌కు ఏడేళ్ల గడువు తీసేసి జీవితాంతం చెల్లుతుందన్నారు. మొత్తానికున్న ఆయుష్షు ఒక్కో భాగానికి ఎందుకుండకూడదు? ఏ భాగంలో ఎప్పుడు ఎక్కువొస్తే ఆ మార్కు నిలవాలి, అన్నీ కలిపి అర్హత చూడాలి. అరగంట పరీక్షను భద్రాచలంలోనే పెట్టొచ్చు. అయిదూ ఒకేరోజు రాయగలిగినవాళ్లు రాసుకోవచ్చు, ఎవరొద్దన్నారు? కానుపై నలభై రోజులు కాని తల్లి ఈసారికి గణితం ఒక్కటే రాసి, మిగతావి వచ్చే టెట్‌కి ఉంచుకుంటుంది.