రంగు వేసే ముందు, అమ్మేసే ముందు

ఇంట్లో శుభకార్యం అనుకోగానే ముందు గోడలకి రంగులు వేయిస్తాం. గోడలు కళకళలాడటం మొదలయ్యాక ఓ మూలనున్న పాత చెక్క సామాను కంట్లో నలుసులా కనిపిస్తుంది. అత్తగారి అత్తగారి నాటి పందిరి మంచం, మూత వదులైన భోషాణం, కాళ్లు కదిలే రాతబల్ల, జాలీ తలుపుల వంటింటి అలమర. "ఈ పాత చింతకాయ పచ్చడి ఇంకా ఎన్నాళ్లమ్మా?" అంటారు పిల్లలు. "వచ్చిన కాడికి ఇచ్చేస్తే సరి" అంటారు మగవాళ్లు. ఈమధ్య మూడో మాట కూడా వినిపిస్తోంది. "దానికి తెల్లరంగు వేసి, అంచుల్లో బంగారు గీత గీస్తే ఎంత బావుంటుందో! ఫోన్లో చూశాను" అని.

ముచ్చటైన ఆలోచనే. కాదనడానికేం లేదు. పాత వస్తువుని పారేయకుండా పదికాలాలు వాడుకోవాలన్న తపన మంచిదే. అయితే డబ్బా మూత తీసే ముందు మనం తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అది ఏ చెక్క? దానిమీద ఇదివరకు వేసిన రంగేమిటి? అసలు ఆ వస్తువు ఎవరిది?

మన ప్రాంతంలో మొదటి ప్రశ్నకి విలువ ఎక్కువ. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారి పొడుగునా అడవి అంచునే ఊళ్లు పెరిగాయి. అందుకే ఇక్కడి పాత ఇళ్లలో టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి చెక్కతో చేసిన సామాను కనిపిస్తుంది. నాటి టేకు మొక్క మంచి చేవ పట్టాలంటే యాభై, అరవై ఏళ్లు పడుతుంది. ఒక మనిషి నాటితే మనవలు కోయాలి. ఇప్పుడు అడవిలో చెట్టు మీద గొడ్డలి వేస్తే నేరం. కలప కదిలించాలంటే అటవీ శాఖ అనుమతులు ఉండాలి. మరి మన ఇంట్లో దుమ్ము పట్టి కూర్చున్న మంచం కోళ్లలో ఉన్న చేవని ఈ రోజు డబ్బు పెట్టి కొందామన్నా సులువుగా దొరుకుతుందా? దాన్ని వదిలించుకుని పార్టికల్ బోర్డు మంచం తెచ్చుకుంటే నాలుగు వానాకాలాలు గడిచేసరికి చెమ్మకి ఉబ్బి అంచులు విచ్చుకుంటాయి.

అది ఏ చెక్కో తెలుసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. మంచాన్నో బల్లనో బోర్లించి, అడుగున ఎవరికీ కనబడనిచోట తడిపిన ఉప్పుకాగితంతో రూపాయి బిళ్లంత మేర రుద్ది చూడండి. గోధుమ రంగులో బంగారు ఛాయ, చేతికి కాస్త జిడ్డు, తోలు వాసన లాంటి వాసన తగిలితే టేకు కావచ్చు. ముదురు ఊదా గోధుమ రంగులో నల్లచారలుంటే జిట్రేగి. అనుమానంగా ఉంటే ఊళ్లో పెద్ద వడ్రంగికి చూపించండి. ఆయన గోటితో గీరి చెప్పేస్తాడు.

అలాంటి చేవ చెక్క బయటపడితే రంగు జోలికి పోకండి. దానికి లక్క పాలిష్ చాలు. లక్క పలుకుల్ని స్పిరిట్లో కరిగించి, మెత్తటి గుడ్డతో పల్చగా పూతమీద పూత పూయడమే ఫ్రెంచ్ పాలిష్. పేరు ఫ్రెంచి వాళ్లది గానీ, ఆ లక్క మన దేశపు మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే పదార్థమే. పైగా పాలిష్ నచ్చకపోతే స్పిరిట్‌తో తుడిచేయొచ్చు. ఎనామిల్ రంగు చెక్క గీతల్లోకి దిగితే దాన్ని పూర్తిగా వదిలించడం తరం కాదు.

మరి రంగు ఎప్పుడు వేయాలి? మామిడి చెక్కతో చేసినవి, ప్లైవుడ్ అతికించినవి, విరిగినచోట వేరే చెక్క ముక్క వేసి బాగుచేసినవి, మరకలు పడి పాలిష్‌కి లొంగనివి, ఇదివరకే నాలుగు పూతల రంగు ఎక్కినవి. వీటికి రంగే అందం. మన కళాకారులు చేసిందీ ఇదే. కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు తేలికైన పొణికి చెక్కతో చేస్తారు. ఏటికొప్పాక లక్కపిడతలకి అంకుడు కర్ర వాడతారు. ఆ కర్రలకు రంగు అద్దడమే వాళ్ల విద్య. ఏటికొప్పాకలో ఆకులు, బెరడు, గింజల నుంచి తీసిన సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇంగ్లండులో ఆనీ స్లోన్ అనే ఆవిడ 1990లో సుద్దలా మెరుపు లేకుండా ఉండే రంగు తయారుచేస్తే, పాత సామానుకి రంగులేసే సరదా దేశదేశాలకీ పాకింది. ఆ సరదాయే ఇప్పుడు ఫోన్లలో మనదాకా వచ్చింది. కానీ చెక్కకి రంగు మనకి కొత్తా? గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది ఎవరు? పెళ్లి పీటల మీద ముగ్గు వేసేది ఎవరు? అలాంటప్పుడు తెల్లరంగు, గులాబీ పూలు అంటూ ఎక్కడివో నమూనాలు వెతకడం దేనికి? మన చేతికి వచ్చిన చుక్కల ముగ్గు, మెలికల ముగ్గు అలమర తలుపు మీద ఎంత నిండుగా ఉంటాయో ఓసారి వేసి చూడండి.

పని పద్ధతిగా చేస్తేనే రంగు నిలుస్తుంది. ముందు సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో జిడ్డు తుడిచి ఆరనివ్వాలి. కదిలే అతుకుల్ని బిగించాలి. సన్న రంధ్రాల్లోంచి పిండి రాలుతుంటే పుచ్చు పట్టినట్టే. మందుని సిరంజితో ఆ రంధ్రాల్లోకి ఎక్కించాలి. పగుళ్లలో రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్ద నింపాలి. తర్వాత ఉప్పుకాగితంతో చెక్క గీతల వెంబడే రుద్దాలి, అడ్డంగా కాదు. కొన్నిచోట్ల టేకు ముక్క ఉండి దానిమీద కూడా రంగు వేయక తప్పకపోతే, ముందు స్పిరిట్‌తో తుడవాలి. లేకపోతే ఆ చెక్కలోని నూనె రంగుని అంటుకోనివ్వదు. తెల్లరంగు మీద పచ్చని మరకలు తేలడానికీ చెక్కలోని సారమే కారణం. లక్క పూత ఒకటి వేశాక ప్రైమర్ వేస్తే ఆ బెడద తగ్గుతుంది. ఆపైన చిక్కగా ఒకటి కాకుండా పల్చగా రెండు పూతలు. చివర వార్నిష్. తొందరపడితే మాత్రం వారం తిరక్కుండానే పెచ్చులూడుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది పాత రంగు దగ్గర. ఒకప్పటి ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదని కేంద్రప్రభుత్వం 2016లో నిబంధన తెచ్చింది. అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకుముందు రంగు వేసిన ఉయ్యాల తొట్టి, కిటికీ, కుర్చీ దేన్నైనా అనుమానించాల్సిందే. ఆ రంగుని పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లల ఒంట్లోకి పోయి మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఇంత సీసమైతే ఫరవాలేదు అనే లెక్క లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అందుకని పాత రంగు ఉన్నచోట నీళ్లు చల్లి తడిగా రుద్దండి. మూతికి మాస్కు కట్టుకోండి. గర్భిణులూ, పిల్లలూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తేయండి. ఇంకో మాట. రంగు వేసిన పాత తలుపు ముక్కల్ని నీళ్లకాగు కింద పొయ్యిలో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. సీసం పొగని చేజేతులా ఇంట్లోకి పిలిచే ఆ అలవాటు మానేయాలి.

గోదారి ఒడ్డున ఉన్నవాళ్లకి ఇంకో బాధ ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 53 అడుగులకి మూడోది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకి చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అంతటి వరద వచ్చిపోయాక ఇంట్లో మిగిలే చెక్క సామానుని చూసి కంగారుగా ఎండలో పడేయకండి. ఎండకి తడిచెక్క మెలికలు తిరిగి పగులుతుంది. బురదని మంచినీళ్లతో కడిగి, నీడలో, గాలి ఆడేచోట, నాలుగువైపులా ఎత్తు పెట్టి ఆరనివ్వాలి. దానికి వారాలు పట్టొచ్చు, దళసరి చెక్క అయితే నెలలు. లోపల తడి ఉండగా పైన రంగు వేస్తే చెమ్మ బయటికి పోయే దారిలేక రంగు పొక్కుతుంది, చెక్క కుళ్లుతుంది.

ఇక మూడో ప్రశ్న. ఆ వస్తువు ఎవరిది? వరదలప్పుడూ, ఇల్లు మారేటప్పుడూ, వాటాలు పంచుకునేటప్పుడూ పాత సామాను కొనేవాళ్లు గుమ్మంలోకి వస్తారు. పోలవరం ముంపు కింద 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాల్లో ఎన్నో కుటుంబాలకి సొంత ఊరే వదలాల్సి వచ్చింది. మండువా ఇంట్లోంచి రెండు గదుల ఇంటికి పోయేటప్పుడు పందిరి మంచం ఎక్కడ పెడతాం? అవసరం అమ్మేవాళ్లది, తొందర కూడా వాళ్లదే. ఆ సందట్లో చేవ చెక్క కట్టెల ధరకి పోయే ప్రమాదం ఉంది. అదే మంచం పాలిష్ పట్టి నగరంలో షోరూములో కూర్చుంటే మనం తాకి చూడ్డానికే జంకుతాం.

అమ్మకూడదని కాదు. అవసరం వస్తే అమ్ముకోవచ్చు. కానీ ఆ మంచం ఓ ఇల్లాలితో సారెగా వచ్చిందైతే, అది ఆమె స్త్రీధనం. పెళ్లి సందర్భంగా ఆమెకిచ్చిన వస్తువులు అత్తింట్లో ఉన్నంత మాత్రాన ఉమ్మడి ఆస్తి అయిపోవని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బంగారం విషయంలో ఈ సంగతి మనకి గుర్తుంటుంది. చెక్క విషయంలో ఎవరికీ గుర్తుండదు. "పాతదే కదా" అంటూ ఆ ఇంటి పెద్దావిడని ఒక్కమాటైనా అడక్కుండా బేరం కుదిర్చేస్తాం. ఆవిడ కాన్పులు ఆ మంచం మీదే జరిగి ఉండొచ్చు. ఆ భోషాణంలోనే ఆవిడ పుట్టింటి చీరలు దాచుకుని ఉండొచ్చు. తెల్లరంగు వేయడానికైనా, వెల కట్టడానికైనా ఆవిడ సరే అనాలి. ఆవిడ "వేయండమ్మా, నాకూ చూడముచ్చటగా ఉంటుంది" అంటే అంతకంటే ఏం కావాలి? పీట వేసి కూచోబెట్టి ముగ్గు చుక్కలు ఆవిడ చేతే పెట్టించండి.

ఇది మగవాళ్ల పని, వడ్రంగి పని అని వెనకాడనవసరం లేదు. అతుకు బిగించడానికి వడ్రంగిని పిలవండి. రుద్దడం, పూయడం, దిద్దడం మన చేతులకి బాగా తెలిసిన పనులే. ఈ సెలవు రోజున రంగు డబ్బా కొనడానికి బజారుకి వెళ్లేముందు, ఆ మంచాన్ని ఓసారి బోర్లించి అడుగున చూడండి. ఇంట్లో పెద్దావిడని కూడా పక్కన కూచోబెట్టుకోండి. అది ఏ చెక్కో, ఎవరు చేశారో, ఎవరింటి నుంచి వచ్చిందో ఆవిడకే తెలిసి ఉండొచ్చు.