పాతబస్తీ: చావు కబురు వాట్సాప్‌లో వచ్చేస్తోంది.. మరి రేపటికి మిగిలేదేంటి?

2023 ఆగస్టు 7. గద్దర్ అంతిమయాత్ర. ఛానళ్లన్నీ లైవ్. అదే రోజు అల్వాల్‌లో, అదే జనం మధ్య ఇంకొకాయన ప్రాణం కూడా పోయింది. ఆయనే ఉర్దూ దినపత్రిక 'సియాసత్' మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్. గద్దర్‌ను సాగనంపడానికి వెళ్లి గుండెపోటుతో కుప్పకూలారు.

చాలామంది తెలుగు ప్రేక్షకులు ఆ పేరు వినడం బహుశా అదే మొదటిసారి. కానీ పాతబస్తీకి ఆయన కొత్త కాదు. 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీ ఖాన్, మహబూబ్ హుస్సేన్ జిగర్ మొదలుపెట్టిన పేపర్ సియాసత్. నా అనేవాళ్లు లేని ముస్లింల మృతదేహాలకు ఖననం చేయించే పని కూడా ఆ పేపరే నెత్తిన వేసుకుంది.

లోకల్ పేపర్ అంటే వార్తలే కాదు. ఎవరు పోయారో చెప్పే నోటీసు బోర్డు కూడా.

నాలుగు లైన్లలో ఏముంటుంది?

ఉర్దూ పేపర్లలో వచ్చే 'ఇంతికాల్' కబురు చూడండి. పోయినవాళ్ల పేరు, ఎవరి కొడుకు, ఏ మొహల్లా. జనాజా నమాజ్ ఏ మసీదులో, ఖననం ఏ ఖబ్రస్తాన్‌లో, మూడో రోజు ఫాతెహా ఎక్కడ. తెలుగు పేపర్ల జిల్లా పేజీల్లో శ్రద్ధాంజలి ప్రకటన కూడా ఇలాంటిదే. ఫొటో, తేదీ, దశదిన కర్మ ఎక్కడ, కింద కుటుంబ సభ్యుల పేర్లు.

చదవడానికి చిన్నదే. కానీ దర్జీ, టీచర్, ఇరానీ చాయ్ హోటల్ నడిపినాయన లాంటి మామూలు మనుషుల పేరు అచ్చులో కనిపించేది బహుశా పెళ్లి కార్డులో, ఆ తర్వాత ఇక్కడే.

వాట్సాప్ తప్పేం లేదు, కానీ..

జనాజా చాలాసార్లు అదే రోజు అయిపోతుంది. పేపర్ వచ్చేది మర్నాడు పొద్దున. అందుకే కబురు ఫోన్‌లోకి మారింది. రియాద్‌లో ఉన్న కొడుక్కి, చికాగోలో ఉన్న కూతురికి నిమిషంలో తెలిసిపోతుంది. ఇది నిజంగా మంచి మార్పే.

సమస్య ఆ తర్వాతే. ఫోన్ మారితే మెసేజ్ పోవచ్చు. 'డిలీట్ చాట్' కొడితే పోతుంది. చౌరస్తాలో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద రేపు ఇంకో ఫ్లెక్సీ పడుతుంది.

డెత్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారా? 1969 చట్టం ప్రకారం 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. అందులో పేరు, తేదీ, చోటు ఉంటాయి. మనిషి మాత్రం ఉండడు.

లెక్క మిగిలింది.. పేర్లు?

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద. సుమారు 15 వేల మంది చనిపోయారని చెప్తారు. దాదాపు 150 మందిని కాపాడిన చింతచెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి దగ్గరే ఉంది. చెట్టు మనందరికీ తెలుసు. పోయినవాళ్లలో ఎన్ని పేర్లు చెప్పగలం?

అదే షోయబుల్లా ఖాన్‌ని చూడండి. 'ఇమ్రోజ్' ఎడిటర్. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో కాచిగూడ దగ్గర దాడి చేసి చంపేశారు. వయసు 27 ఏళ్లే. పేపర్ పెట్టి ఏడాది కూడా కాలేదు. అయినా ఇవాళ్టికీ గుర్తున్నారంటే, ఆయన గురించి ఎవరో రాశారు, ఎవరో దాచారు కాబట్టి.

మా వైపు కూడా తప్పుంది

ఒక సెలబ్రిటీ పోతే మా లాంటి వెబ్ డెస్కుల్లో గంటలో పది స్టోరీలు పడతాయి. గల్లీలో 40 ఏళ్లు పాఠం చెప్పిన సార్ పోతే ఒక్క లైన్ కూడా పడదు. క్లిక్స్ రావు కాబట్టి. ఆ లోటు ఇన్నాళ్లూ పూడ్చింది లోకల్ పేపర్లే. అవి పలచబడితే మొదట మాయమయ్యేది పెద్దోళ్ల పేర్లు కాదు, మన పక్కింటోళ్లవి.

1891లో మొదలై, ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పాత పత్రికలు ఇంకా ఉన్నాయి. కానీ ఏ లైబ్రరీ మీ ఫ్యామిలీ గ్రూప్‌ను దాచిపెట్టదు.

అందుకే చిన్న పని. ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు వచ్చిన మెసేజ్‌ను ఒక కాగితం మీద రాయండి. ఊరు, తేదీ, చేసిన పని, నలుగురూ ఆయన్ని ఏమని పిలిచేవాళ్లో కూడా రాయండి. సర్టిఫికెట్‌తో పాటు అదే ఫైల్‌లో పెట్టండి.