షేర్వానీ బిగుతైతే తప్పు ఒంటిదా, దర్జీదా?

“కోచ్ మంచోడే భాయ్. మన పిల్లోళ్ల దగ్గరే సరుకు లేదు. ఆయన అటాకింగ్ ఆట ఆడించాలని చూశాడు, వీళ్లకి ఆ కాబిలియత్ లేదు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?”

ఈ మాట టీవీలో విన్నాను. మా తడ బజార్లో చాయ్ తాగుతూ విన్నాను. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలిసిన పెద్దల నోట కూడా విన్నాను. ఇది తజ్జియా కాదు జనాబ్, బహానా. అది కూడా మన పిల్లల గురించి మన పిల్లల ముందే చెప్పే బహానా. అందుకే జవాబు రాయాల్సి వస్తోంది.

ముందు వాకియా ఏమిటో చూద్దాం. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. అంతకు ముందు సీజన్ ఆ టీము 18 మ్యాచుల్లో 10 పాయింట్లతో ఐఎస్‌ఎల్‌లో ఆఖరి స్థానంలో ఉంది. మార్కెజ్ వచ్చిన మొదటి ఏడాది ఐదో స్థానం. రెండో ఏడాది, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డా మైదాన్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఛాంపియన్. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ సీజన్లో బార్తొలొమ్యూ ఒగ్బెచే అనే నైజీరియా ఫార్వర్డ్ ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. బంతి కాళ్ల దగ్గర ఉంచుకుని, ఫుల్‌బ్యాకుల్ని రెక్కల్లా పైకి పంపి, ఎదుటి గోలు మీదికి వెళ్లే ఆట. చూడటానికి కన్నుల పండుగ. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్ర ఫుల్‌బ్యాకులు ఆ టీములోనే పేరు తెచ్చుకున్నారు.

2024 జులైలో అదే మార్కెజ్‌ని హిందుస్తాన్ జట్టుకి కోచ్‌గా పెట్టారు. తొలి మ్యాచ్ మన హైదరాబాద్ గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో. 0-0. తర్వాత సిరియాతో 0-3. వియత్నాంతో 1-1, మలేషియాతో 1-1. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0. వారం తిరక్కుండానే అదే మైదాన్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో థాయిలాండ్ చేతిలో 0-2, హాంకాంగ్ చేతిలో 0-1. మొత్తం ఎనిమిది మ్యాచులు, ఒక్క గెలుపు, ఐదు గోల్స్. ఆ ఐదింట్లో మూడు ఒక్క మాల్దీవుల మీదే. జులైలో ఆ కొలువు వదిలేశాడు.

అదే మనిషి, అదే దిమాగ్. ఒక చోట కప్పు, ఇంకో చోట ఖాళీ చేతులు. తేడా ఏమిటని అడిగితే “ఆటగాళ్లు” అంటారు. ఆ మాట నిజమే. అయితే నిజాన్ని సగం దగ్గర ఆపేస్తే అది అబద్ధం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

క్లబ్బు కోచ్‌కి బజారు ఉంటుంది. ఫార్వర్డ్ లేకపోతే నైజీరియా నుంచి తెచ్చుకుంటాడు. డిఫెండర్ లేకపోతే స్పెయిన్ నుంచి తెస్తాడు. తన ఆటకి కావల్సిన గుడ్డ తానే కొనుక్కునే దర్జీ వాడు. ముల్క్ టీము కోచ్‌కి ఆ సౌకర్యం లేదు. ఆయన ముందు నిలబడ్డ ఒళ్లు ఏదో అదే. దానికి నాప్ తీసుకుని, దానికి తగ్గట్టు కత్తిరించడమే ఆయన హునర్. పెళ్లి రోజు షేర్వానీ భుజాల దగ్గర బిగిస్తే దూల్హా ఒంటిని తిట్టే దర్జీ దగ్గరికి మనం మళ్లీ పోతామా?

ఇక్కడ ఒకరు అడ్డు తగులుతారు. “అటాకింగ్ ఆట ఎప్పుడో ఒకప్పుడు నేర్పాలి కదా సాబ్? కోచ్ మన స్థాయికి దిగుతూ పోతే మనం జిందగీ అంతా కిందే ఉంటాం.” మంచి సవాల్. దీనికి జవాబు మన ఇంట్లోనే ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తికి స్కూలు మాస్టారు. 1943 నుంచి 1963లో కన్నుమూసే దాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. మన పిల్లల్లో చాలామందికి ఈయన 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా వల్ల తెలిశారు. సినిమా చూసి కళ్లు తుడుచుకున్నాం, బాగుంది. కానీ ఆయన చేసిన పని నుంచి సబక్ తీసుకున్నామా?

రహీం సాబ్‌ది కూడా అటాకింగ్ ఆటే. పొట్టి పాసులు, వేగం, గోలు వైపే చూపు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్లి, నాలుగో స్థానంలో నిలిచిన జట్టు ఆయనది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టింది ఆ మ్యాచులోనే. ఆ జట్టులో మన హైదరాబాద్ గల్లీల నుంచి వెళ్లినవాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి వెళ్లినవాడు తులసీదాస్ బలరాం. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నట్టుండే టీము.

ఆ ఆటని ఆయన ఐదు రోజుల క్యాంపులో నేర్పలేదు. ఊళ్లో పిల్లలకి పోటీలు పెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి ఒక టోర్నమెంట్. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చే అలవాటు రావాలని. బలం లేని కాలితోనే ఆడాలని ఇంకోటి. అంటే ముందు మైదాన్‌లో ఒళ్లు తయారు చేశారు, తర్వాత షేర్వానీ కుట్టారు. ఏళ్ల తరబడి చేసిన పని అది. ఆట నేర్పడం అంటే అదీ. చేతిలో ఎనిమిది మ్యాచులు, దాంతో పాటే ఎఫ్‌సీ గోవా క్లబ్బు నౌకరీ కూడా పెట్టుకున్న మనిషి ఏం నేర్పగలడు? మార్కెజ్ తొలి సీజన్లో రెండు కొలువులూ ఒకేసారి చేశాడు. ఆ ఏర్పాటుకి ఒప్పుకున్నది ఫుట్‌బాల్ ఫెడరేషన్. ఆ సంతకం ఏ ఆటగాడూ పెట్టలేదు.

రహీం సాబ్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచులోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయిలాండ్‌తో మ్యాచులో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ ఆసియాలో పేరున్న సెంటర్ డిఫెండర్. ఆ గాయంతో డిఫెన్స్‌లో ఆడించడం కష్టం. మామూలు కోచ్ ఏం చేస్తాడు? కూర్చోబెడతాడు, లేదా ఓడిపోయాక “నా టీము పూర్తిగా లేదు” అంటాడు. రహీం సాబ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోలు కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో, మన మీద ద్వేషంతో కేకలు వేస్తున్న స్టేడియంలో, అదే దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. బంగారం. అప్పటికే రహీం సాబ్‌ని క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడాది జూన్‌లో వెళ్లిపోయారు.

ఆయన ఆటగాళ్లని అటాకింగ్ ఆటకి తగరు అని ఏడ్వలేదు. ఉన్న మనిషిలో ఏ సలాహియత్ ఉందో వెతికారు. అటాకింగ్ అనేది కోచ్ బ్యాగులో తెచ్చే నక్షా కాదు, జట్టులోంచి బయటికి తీసే సామాన్. ఇదే నా దావా.

సరే, మార్కెజ్ తప్పేనా అంతా? కాదు, ఇన్సాఫ్‌గా మాట్లాడదాం. గోలు కొట్టే మనిషి లేకుండా ఏ నక్షా అయినా కాగితమే. ఎందుకు లేడో అడగాలి కదా. ఐఎస్‌ఎల్ 2014లో మొదలైంది. 2024-25 దాకా పదకొండు సీజన్లు. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ పదకొండు సార్లూ విదేశీయులకే వెళ్లింది. ఎలానో నుంచి అజారే దాకా, ఒక్క హిందుస్తానీ పేరు లేదు. క్లబ్బులకి నలుగురు విదేశీయుల్ని మైదాన్‌లో దింపే వీలుంది. డబ్బు పెట్టినవాడు ముందు ఫార్వర్డ్‌నే కొంటాడు. మన కుర్రాడు పక్కన రెక్క మీద పరిగెత్తాలి, లేదా బెంచీ మీద కూర్చోవాలి. పదకొండేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత ముల్క్ జెర్సీ తొడిగి, “గోలు కొట్టు బేటా” అంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు?

దీనికి గవాహ్ సునీల్ ఛెత్రీ. 2024 జూన్‌లో రిటైరైన మనిషిని 2025 మార్చిలో మళ్లీ పిలిచారు. అప్పటికి ఆయనకి 40 ఏళ్లు. ఆ సీజన్ ఐఎస్‌ఎల్‌లో 14 గోల్స్‌తో హిందుస్తానీల్లో అందరికన్నా ముందు ఆయనే. నాన్న రిటైరయ్యాక కొడుక్కి నౌకరీ దొరకని ఇల్లు లాంటిది ఇది. కొడుకుని నాకారా అంటామా, ఆ ఇంటికి ఆ హాల్ తెచ్చినవాళ్లని నిలదీస్తామా?

ఇక్కడ మనవాళ్లకి ఒక మాట. మార్కెజ్ తర్వాత ఖాలిద్ జమీల్ కోచ్ అయ్యాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక హిందుస్తానీ. పేరు చూసి కొందరు మురిసిపోయారు, పేరు చూసే కొందరు మొహం మాడ్చుకున్నారు. రెండూ ఫుట్‌బాల్ కాదు. ఆయన్ని ఆటతోనే తూచాలి. 2017లో ఐజ్వాల్ అనే చిన్న క్లబ్బుని ఐ-లీగ్ ఛాంపియన్ చేశాడు. ముల్క్ టీముతో మొదటి టోర్నీలో, 2025 ఆగస్టు-సెప్టెంబర్‌లో, తజికిస్తాన్‌ని వాళ్ల ఊళ్లో 2-1తో ఓడించి, ఒమన్‌ని పెనాల్టీల్లో గెలిచి మూడో స్థానం తెచ్చాడు. అందంగా ఆడలేదు. వెనక గోడ కట్టి, దొరికిన అవకాశం మీద బతికారు. అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో సొంత గడ్డ మీద 1-2తో ఓడి, 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. ఒంటికి తగ్గ బట్ట కుట్టినా, ఒంట్లో బలం లేకపోతే దూరం పోలేం అని దాని అర్థం. కోచ్‌ని మార్చితే చాలదు, ఆటగాళ్లని తిడితే అసలే చాలదు.

మన హైదరాబాద్ హాల్ చూడండి. 2022లో కప్పు ఎత్తిన క్లబ్బు జీతాల గొడవల్లో పడింది. విదేశీయులు, సీనియర్లు వెళ్లిపోయారు. 2023-24లో కుర్రాళ్లతో ఆడి సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచు గెలిచింది. అప్పుడు కూడా “ఈ పిల్లలకి స్థాయి లేదు” అన్నారు. జీతం ఎగ్గొట్టినవాడి స్థాయి ఎవరూ అడగలేదు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. రహీం సాబ్ ఊరికి ఈ రోజు ఐఎస్‌ఎల్‌లో టీము లేదు.

తడలో ఉన్న మాకు హైదరాబాద్ ఎప్పుడూ దూరమే. ఇక్కడ సబర్బన్ రైలెక్కితే మద్రాస్ సెంట్రల్‌లో దిగుతాం, అక్కణ్ణుంచి నడిచి పోయే దూరంలో నెహ్రూ స్టేడియం. కాబట్టి మా పిల్లలు చెన్నయిన్ జెర్సీ వేసుకుంటారు. ఏ రంగు జెర్సీ వేసుకున్నా ఫరవాలేదు. కానీ తొమ్మిదో నంబరు అంటే విదేశీ మనిషిదే అని పదేళ్ల పిల్లోడి బుర్రలో దిగిపోతే ఫరక్ పడుతుంది. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. “మీవాళ్లకి ఇది సూట్ కాదు” అనే జుమ్లా ఎంత మర్యాదగా చెప్తారో నాకు బాగా తెలుసు. వినేవాడు కొన్నాళ్లకి దాన్ని తన మాటే అనుకుంటాడు. దాని జహర్ అక్కడుంది.

అమ్మీ అబ్బూలకి నా దరఖాస్తు ఇది. పిల్లోడి ముందు మ్యాచ్ చూస్తూ “మనోళ్ల వల్ల కాదు” అనకండి. ఫార్వర్డ్ ఆడతానంటే ఫార్వర్డ్‌గానే ఆడనివ్వండి. ఊళ్లో మైదాన్ ఉంటే కాపాడండి, లేకపోతే అడగండి. ఫెడరేషన్‌ని మాత్రం రెండు సవాళ్లు అడగాల్సిందే. కోచ్‌ని తెచ్చే ముందు జట్టు నాప్ ఎవరు తీశారు? హిందుస్తానీ ఫార్వర్డ్‌కి లీగులో ఎన్ని నిమిషాలు గ్యారంటీ ఇస్తారు?

వీటికి జవాబు వచ్చే దాకా “ఆటగాళ్లు కోచ్‌కి సరిపోలేదు” అనే మాట నా ముందు అనొద్దు. వాళ్లకి సరిపోయే కోచ్‌ని, వాళ్లు ఎదిగే లీగుని ఇవ్వడం పెద్దల జిమ్మేదారీ. పెద్దలు ఫెయిలై, మార్కుల కాగితం మీద పిల్లల పేరు రాస్తున్నారు.